రెండు జతల గ్లౌజులు

రెండు జతల గ్లౌజులు తొడుక్కుని శేషారత్నం మణికట్టు పట్టుకున్న నర్సు మార్తకి ముచ్చెమటలు పట్టాయి.

“పల్స్ అందట్లేదండీ!”

“అయితే నేను పోయానంటావా అమ్మాయ్?” అంది శేషారత్నం ఇడ్లీ నములుతూనే.

హెచ్ఐవీ రోగుల వార్డులో మార్తకి అది మొదటిరోజు. ముట్టుకుంటే ఆ జబ్బు అంటదని పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది గానీ, చేతులే ఆ మాట నమ్మలేదు.

పోయినవాళ్ళు ఇడ్లీ తినరు గనక సిగ్గుపడి గ్లౌజులన్నీ తీసేసింది. ఈసారి నాడి చక్కగా అందింది.

ఇంతలో శేషారత్నం ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరగా నొక్కి చూసింది.

“ఏం చేస్తున్నారండీ?” అంటూ మార్త చెయ్యి లాక్కోబోయింది.

“రెండుంపావు సైజు. వన్ టౌన్‌లో మా కొట్లో ముప్ఫై ఏళ్ళు గాజులు తొడిగాను, చెయ్యి పట్టుకుంటే చాలు చెప్పేస్తా. జబ్బు సంగతి బయటపడ్డాక ఒక్కరూ గాజులకి చెయ్యి చాపలేదమ్మా.”

లాక్కోబోయిన చెయ్యి ఆగిపోయింది.

“శనివారం మీకు డిశ్చార్జి,” అంది మార్త. “ఆదివారం చర్చి అయ్యాక మీ కొట్టుకొస్తాను. తొడుగుతారా?”

శేషారత్నం ఇడ్లీ ప్లేటు పక్కకి జరిపింది.

“వస్తే రా గానీ, తొడిగేటప్పుడు కెవ్వుమని అరవకూడదు!”

ఆ చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు.