కౌశిక్ కనుబొమలు

ఆగండాగండి, స్క్రీన్ మార్చేయకండి, ముందు మా కౌశిక్ గోల వినండి!

పుట్టుక నుంచీ వాడి చేతులు మాట వినవు. అందుకే కనుబొమలెగరేస్తే 'ఓకే', ఎడమ కన్ను ఒక్కటీ మూస్తే 'రద్దు' అయ్యేలా స్క్రీన్‌ని తన కోసం తనే తయారుచేసుకున్నాడు. అది కాస్తా ఊరంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లో లిఫ్ట్ పిలవాలన్నా, మెట్రో టికెట్ కొనాలన్నా అందరూ కనుబొమలెగరేయాల్సిందే. "చేతులున్నోళ్ళకి కూడా నేనే నేర్పాలి మరి," అంటూ మనవాడు ఆఫీసులో ఒకటే ఫోజులు.

ఇంత మేధావికీ పక్క సీటు హరిణికి తన ప్రేమ సంగతి చెప్పే ధైర్యం మాత్రం లేదు. నెల రోజులుగా ఒకే మెసేజ్ దిద్దుతున్నాడు. ఈరోజూ దాన్నే ముందేసుకుని కూర్చుంటే హరిణి ఇటు తిరిగింది.

"ఓయ్ కౌశిక్, క్యాంటీన్‌కి వస్తావా రావా? పెసరట్లు అయిపోతాయ్!"

అలవాటు కొద్దీ "ఏంటీ?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. మెసేజ్ వెళ్ళిపోయింది!

హరిణి స్క్రీన్ టింగుమంది. "నువ్వేనా పంపింది?"

"అయ్యో, తెరవకు! అది... ఆఫీసు పని!"

"ఆఫీసు పనైతే తెరవొద్దంటావేంటి బాబూ?"

ఆమె తెరిచేలోగా రద్దు చేయొచ్చు. చేయాలంటే ఎడమ కన్ను మూయాలి. అంటే, తన ముఖంలోకే చూస్తున్న హరిణికి కన్ను కొట్టాలి! 'ముక్కు చిట్లిస్తే రద్దు అని పెట్టుకుని ఏడవచ్చుగా, మహా మేధావీ!' అని తనను తానే తిట్టుకున్నాడు.

ఇంతలో "ఏంటీ?" అన్నట్టు హరిణి కనుబొమలే లేవబోతున్నాయి. లేచాయంటే మెసేజ్ తెరుచుకుంటుంది.

మీరైతే ఏం చేస్తారు, కన్ను కొడతారా?