బియ్యం డబ్బాలో ఫోను

బియ్యం డబ్బాలో ఫోను మళ్ళీ గరగరమంది.

ఫిర్దోస్ చంటిదాన్ని భుజాన వేసుకుని డబ్బా వంకే చూస్తూ నిలబడింది. లోపల పామును పెట్టి మూత వేసినట్టుంది.

బయట గుమ్మంలో అత్త లాల్ బీ చింతపండులో గింజలు తీస్తోంది.

మొదటి మెసేజి సోమవారం వచ్చింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన చదువు ఆమెది. పిల్లకి పాలు పడుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

శుక్రవారం నెట్ సెంటర్‌కి రావాలి. మస్కట్‌లో ఉన్న మొగుడు జావీద్‌తో ఎప్పుడూ మాట్లాడే కెమెరా ముందే కూర్చోవాలి. ఈసారి చూసేది జావీద్ కాదు. చెప్పినట్టల్లా చెయ్యాలి. లేదంటే ఫోటో ఆర్కుట్‌లో పెడతా. మీ ఆయన స్నేహితులందరికీ పంపుతా.

కింద ఆ ఫోటో.

తలంటి పోసుకున్న రోజుది. "ఒక్కటంటే ఒక్కటి తియ్యవే, ఏడాదయింది మనిషిని చూసి," అని జావీద్ బతిమాలితే తీసింది. తీసిందేగాని, పంపే ధైర్యం చాల్లేదు.

జావీద్ కూడా దాన్ని ఇంకా చూళ్ళేదు.

పిల్ల నిద్రపోవడానికి పాటలెక్కించమని బస్టాండు దగ్గర ఫరూక్ కొట్లో ఫోను చిప్పు ఇచ్చింది. పాటలు ఎక్కేటప్పుడు అందులోవి దిగుతాయని ఆమెకెవరు చెప్పారు?

ఫరూక్ ఈ వీధివాడే. నిరుడు వాళ్ళమ్మ పోయినప్పుడు మూడు రోజులూ ఈ ఇంటి నుంచే అన్నం వెళ్ళింది.

తెనాల్లో ఉన్న అక్క ఆలియాకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"ఒక్కసారి కూర్చుని వచ్చెయ్యవే. వదిలిపోద్ది పీడ."

"ఒక్కసారితో ఊరుకుంటాడా అక్కా?"



పోలీసుల దగ్గరికెళ్తే ముందు అడిగేది ఫోటోయే.

నిన్న సాయంత్రం పిల్లనెత్తుకుని రైలు స్టేషన్ దాకా వెళ్ళింది. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. ఇక్కడికి రైలు ఆగడానికే వస్తుంది. అంత నెమ్మదిగా వస్తున్న రైలుని చూసి పిల్ల కేరింతలు కొట్టింది.

తిరిగొచ్చేసింది.

"ఎసరు మరిగి గిన్నె మాడుతోంది. బియ్యం పండించి తెస్తున్నావా ఏంటే?"

లాల్ బీ తనే లేచొచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టింది. ఫోను చేతికొచ్చింది.

"ఇదేంటే?"

తడిసిందత్తమ్మా, ఆరుతుందని పెట్టా. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

రేపే శుక్రవారం.

"అత్తమ్మా," అంది ఫిర్దోస్. నేల చూస్తూ మొత్తం చెప్పింది.

లాల్ బీ పొయ్యి ఆపేసింది.

"అడిగినవాడికి బుద్ధి లేదు. తీసినదానికి అసల్లేదు."

"చూపించనా?"

"నాకెందుకే? ఆడదాని ఒళ్ళు నాకు కొత్తా?"

ఆ వీధిలో ఆడవాళ్ళెవరు పోయినా ఆఖరి స్నానం, గుసుల్, చేయించేది లాల్ బీయే. జావీద్ పుట్టకముందు నించీ అంతే. ఏ ఒంటి మీద ఏం చూసినా గడప దాటాక నోరెత్తదు. గుసుల్ చేయించే మనిషికి అది కట్టుబాటు. చూసింది మట్టితోపాటే పోవాలి.

బురఖా తగిలించుకుంది.

"పద."

ఫరూక్ కొట్లో పాట హోరెత్తుతోంది.

"రా పెద్దమ్మా, రీచార్జా?"

వెనక ఫిర్దోస్‌ని చూశాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఆ పాట కట్టెయ్ నాయనా."

కట్టేశాడు.

"మీ అమ్మ గుండె ఆగి పోయిందని కదా ఊళ్ళో చెప్పారు?"

"అవును పెద్దమ్మా."

"ఆమె మెడ కడిగింది నేను."

ఫరూక్ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇప్పటిదాకా ఎవరికైనా చెప్పానా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. కంప్యూటర్లో ఏదో నొక్కాడు. ఇంకేదో నొక్కాడు.

"తీసేశా పెద్దమ్మా. అమ్మ మీద ఒట్టు."

తెర మీద ఏముందో, ఏం పోయిందో వాళ్ళిద్దరికీ తెలీదు. ఒట్టు మాత్రం విన్నారు.

ఇంటికి రాగానే లాల్ బీ చేతులు కడుక్కుంది. బిందె ఖాళీ అయ్యేదాకా కడుక్కుంది.

శుక్రవారం గడిచింది. ఫోను మోగలేదు. అయినా ఫిర్దోస్ దాన్ని బియ్యంలోంచి తియ్యలేదు.

తర్వాతి వారం, పొద్దున్నే, మసీదు పక్కింటి జాన్ సైదా వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"మా అమ్మ పోయింది పెద్దమ్మా. గుసుల్‌కి రావాలి."

"నేను రాలేను నాయనా."

"అదేంటి? నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు?"

"ఇంక నేను ఆ పనికి పనికిరాను."

జాన్ సైదాకి అర్థం కాలేదు. అలాగే నిలబడిపోయాడు.

ఫిర్దోస్ పిల్లని తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. గూట్లోంచి గుసుల్ నీళ్ళలో కలిపే కర్పూరం పొట్లం తీసుకుంది. కొంగు తల మీదుగా నిండా కప్పుకుంది.

లాల్ బీ తలెత్తి కోడల్ని చూసింది.

"ముందు దుప్పటి కప్పాలి," అంది. "ఆ తర్వాతే, దాని కిందే, బట్టలు తియ్యాలి. గదిలో ఎవ్వరూ లేకపోయినా సరే."