అద్దం లేని పడవ

రెండోసారి కూడా పడవ గుంజను దాటిపోయింది. నది నడుమ పాతిన ఆ ఇనుప గుంజను కావలించుకుని అతని భార్య వేలాడుతోంది. అతను చెయ్యి చాచాడు, ఆమె చెయ్యి చాచింది. మూరెడు దూరంలో తప్పిపోయింది.

అతను బస్సు డ్రైవరు. ఆమె అదే బస్సులో కండక్టరు. సెలవు రోజు కదా అని, పాపను పక్కింట్లో వదిలి, కొత్తగా కొన్న చిన్న మోటారు పడవలో అవతలి ఒడ్డున ఉన్న ఆమె అక్క ఇంటికి బయల్దేరారు. నడి నదిలో గాలి లేచింది. ఈ మహానుభావుడు కంగారులో బస్సు మలుపు తిప్పినట్టు పడవను ఒక్కసారిగా తిప్పాడు. ఆమె ఎగిరి నీళ్ళలో పడింది. ఈత రాదు. ఏదో పుణ్యం, గుంజ చేతికందింది. ఎర్ర చున్నీ ఒక కొస గుంజకి కట్టి, రెండో కొస నడుముకి ముడేసుకుంది. లైఫ్ జాకెట్లు రెండూ మాసిపోకుండా ఇంట్లో అటక మీద భద్రంగా ఉన్నాయి.

బస్సుకైతే బ్రేకుంటుంది. అతని కుడికాలు పిచ్చిదానిలా పడవ అడుగుని తొక్కుతూనే ఉంది. మోటారు పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. ఆ సంగతి గుర్తొచ్చేలోపే ప్రతిసారీ గుంజ వెనకబడిపోతోంది.

మూడోసారి ప్రయత్నిద్దామని ఎగువకి ఎదురెక్కాడు. మోటారు గొంతు చించుకుంటోంది, పడవ మాత్రం నత్తనడక నడుస్తోంది. అప్పుడు వెలిగింది అతనికి. ప్రవాహం వెంట వస్తే పడవ ఆగదు. ఎదురొస్తే ప్రవాహమే బ్రేకు. పడవ అమ్మినాయన ఈ మాటే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా! ఇక్కణ్ణుంచి అడ్డంగా పోతే ప్రవాహం పడవను పక్కకి ఈడ్చేస్తుంది. ముందు బాగా దిగువకి పోవాలి. అక్కడ తిరిగి, తిన్నగా ఎదురు రావాలి.

ఎదురెక్కుతూనే, కాస్త ఎడంగా, ఆమెకి సమంగా వచ్చాడు. అలలు ఆమె గడ్డాన్ని కొడుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి.

“ఇంక రాకండి. మీరు కూడా పోతే పాపకి ఎవరుంటారు?” అంది.

పట్టుకునే ఉండమనీ, దిగువకి పోయి తిరిగొస్తున్నాననీ అతను గొంతు పగిలేలా అరిచాడు. ఎదురుగాలి ఆ మాటల్ని వెనక్కే ఎగరేసుకుపోయింది.

ఆమె కాసేపు అతన్నే చూసింది. తర్వాత బస్సులో పిలిచే గొంతుతోనే పిలిచింది.

“రైట్... పోనీయండి.”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆపమంటే ఆపాడు, పోనీయమంటే పోనిచ్చాడు. ఒక్కసారి కూడా మాట జవదాటలేదు. ఈసారి మాత్రం చచ్చినా వినదలుచుకోలేదు. పళ్ళు బిగించి, పడవను దిగువకి తిప్పాడు.

వెనక్కి చూడలేదు. బస్సులో అయితే నెత్తి మీది అద్దంలో ఆమె ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. పడవకి అద్దం లేదు. చూపంతా అలల మీదే పెట్టి, ఒడుపు చూసుకుని, పడవ ముక్కును ఎగువకి తిప్పాడు. దూరంగా గుంజ దగ్గర ఎర్రగా కనబడింది. చున్నీ. పోయిన ప్రాణం లేచొచ్చింది.

తొందరపడలేదు. మోటారు కొంచెం పెంచాడు, కొంచెం తగ్గించాడు. కన్నీళ్ళలో ఆ ఎరుపు తప్ప ఇంకేమీ ఆనడం లేదు, ఏడుస్తూనే ఆమెతో మాట్లాడుతున్నాడు. ఇక జన్మలో పడవ ఎక్కనన్నాడు, రేపే అమ్మేస్తానన్నాడు. కుడికాలు కదలడం మానేసింది. పడవ మెల్లగా వచ్చి, స్టాపులో బస్సు ఆగినట్టు, గుంజ పక్కన సరిగ్గా ఆగింది.

“వచ్చేశాను, చెయ్యివ్వు” అంటూ వంగాడు.

చున్నీ ఒక కొస గుంజకి బిగిసే ఉంది. ఆమె నడుముకి కట్టుకున్న కొస చిరగలేదు, తెగలేదు. ముడి విప్పి ఉంది.