అడవి తెలిసిన మనిషి

"రెండు నిమిషాల్లో దానంతట అదే నిలబడతాది నాయనా!" అంటూ ఫోన్‌లో గుడారం బొమ్మ చూపించాడు కిరణ్.

"నిలబడేది సరే. దాన్ని యాడ నిలబెట్టాల్నో నీకు తెలుసునా?" అన్నాడు నరసింహులు. అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

కిరణ్ మొహం ముడుచుకున్నాడు. జనాన్ని నల్లమల అంచు కొండల్లో తిప్పి చూపించే సంస్థ ఒకటి గిద్దలూరులో కొత్తగా పెట్టారు. దారి చూపేవాళ్లు కావాలన్నారు. రాచర్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తూ విసిగిపోయిన కిరణ్‌కు ఆ ఉద్యోగం మీద మనసు పడింది. వచ్చే నెలలో ఒక రోజంతా అడవిలో తిప్పి, పనికొచ్చేవాళ్లను తీసుకుంటారు. చేతిలో ఉన్న డబ్బుతో సామాను కొనాలా, అడవి విద్యలు నేర్పే శిబిరానికి పోవాలా అన్న గొడవ వారం నుంచి ఆ ఇంట్లో నలుగుతోంది. రెండింటికీ ఆ డబ్బు చాలదు.

"బూట్లు, గుడారం, తలకు కట్టుకునే లైటు, నీళ్లు వడగట్టే సీసా. ఇవి చూస్తానే నన్ను తీసుకుంటారు నాయనా."

"వడగట్టేది తర్వాత. నీళ్లు యాడున్నాయో ఆ సీసా చెప్తాదా?"

వంటింటి గడపలో బియ్యం చెరుగుతున్న కిరణ్ తల్లి రంగమ్మ ఫక్కున నవ్వింది.

అడవి మాట వస్తే ఆ ఇంట్లో నరసింహులును పట్టడం కష్టం. రంగమ్మ తండ్రి గురుస్వామికి పెద్ద గొర్రెల మంద ఉండేది. ఏటా ఎండాకాలం ఇంటిల్లిపాదితో ఆ మంద మేతకు నల్లమల పోయి, వానలు పడ్డాక తిరిగొచ్చేది. చిన్నప్పుడు ఆ కథలు వినందే కిరణ్‌కు ముద్ద దిగేది కాదు. నరసింహులు ఎలుగుబంటిలా గుర్రుమంటూ, గొర్రెలా అరుస్తూ చెప్పేవాడు. మధ్యలో రంగమ్మ, "అది చిరుత కాదు, దుమ్మలగొండి" అని సరిదిద్దేది. "నువ్వు నోరు మూసుకోమ్మే, కథ చెడగొట్టకు" అని ఆయన కసిరేవాడు.

"అయితే శిబిరం దాకా ఎందుకు? నువ్వే నేర్పు," అన్నాడు కిరణ్ పంతంగా. "రేపే పోదాం. నువ్వు చెప్పేది పనికొస్తే సామాను మాట ఎత్తను. పనికిరాకుంటే సాయంత్రమే ఆర్డర్ పెడతా."

నరసింహులు చేతిలో చెంబు ఆగిపోయింది. "రేపా? మోకాలు నొప్పిరా..."

"ఇప్పుడే గదా గట్టు దూకి వచ్చినావు! పోయి రా, ఏం కాదులే," అంది రంగమ్మ.

అన్నాలు వండేటప్పుడు వంటింట్లో ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. మోకాలికి మందు సంగతేమో అనుకున్నాడు కిరణ్.

పొద్దున్నే ఆటో దిగి, మేకలు తిరిగే కొండ అంచు దాకా నడిచారు. నరసింహులు ప్రతి చెట్టునూ తడుముతూ, తల పైకెత్తి చూస్తూ నిదానంగా నడిచాడు. పాత చుట్టాలను పలకరిస్తున్నాడులే అని కిరణ్ తొందరపెట్టలేదు. ఎండ ముదిరేసరికి తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఎదురుగా వంక ఎండిపోయి ఉంది, కనుచూపు మేరా ఇసుకే.

నరసింహులు కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు.

"ఏంది నాయనా, మర్చిపోయినావా?"

"ఎప్పటి మాటలురా ఇవి! ఉండు. ఆ... వంక మలుపు తిరిగే చోట, బయటి వైపు గట్టు కింద తవ్వు."

కిరణ్ మోచేతి లోతు తవ్వాడు. ఇసుక తడి తగిలింది. ఇంకాస్త తవ్వేసరికి గుంటలో నీళ్లు ఊరాయి.

"వచ్చినాయిరా! నిజంగానే వచ్చినాయి!" నరసింహులు గంతేసినంత పని చేశాడు.

ఆ నీళ్లు తేటపడ్డాక కడుపారా తాగారు. కిరణ్ మెత్తటి ఇసుకలో కాళ్లు చాపుకున్నాడు. "ఇక్కడ గుడారం వేస్తే ఎంత బాగుంటాది!"

"లే, లే. వంకలో కూర్చోగూడదు. కొండ మీద ఆ మబ్బు చూడు."

"ఇక్కడ చినుకు గూడా లేదు గదా?"

"పైన పడితే చాలు, పద!"

కిరణ్ సణుగుతూనే ఇంటి వైపు గట్టు ఎక్కాడు. సజ్జ రొట్టెలు సగం తిన్నారో లేదో, పై నుంచి బండి దొర్లినట్టు చప్పుడు వచ్చింది. ఎర్రనీళ్లు కొమ్మలనూ రాళ్లనూ ఈడ్చుకుంటూ వచ్చి, వాళ్లు కూర్చున్న చోటును ముంచేశాయి. కిరణ్ రొట్టె చేతిలోనే పట్టుకుని బిగుసుకుపోయాడు. నరసింహులు మాత్రం లేచి నిలబడి, తువ్వాలు గిరగిరా తిప్పుతూ బడిపిల్లాడిలా కేకలు పెట్టాడు.

"నాయనా, గుడారం అక్కడే వేసుంటే?"

"వెతుక్కుంటా కంభం చెరువు దాకా పోయేవాడివి!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కిరణ్‌కు తండ్రిని చూస్తే అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

ఇంటికి రాగానే శిబిరం వాళ్లకు ఫోన్ చేసి పేరు ఇచ్చేశాడు. "సామాను వద్దమ్మా. నాయన ఒక్క పూటలో ఇంత నేర్పినాడు, శిబిరంలో ఇంకెంత ఉంటాదో! అసలు అడవిలో నాయనకు తెలియంది లేదు," అని తల్లిని చుట్టేసి, ఈ సంగతి స్నేహితుడు నరేష్‌కు చెప్పడానికి బయటికి పరిగెత్తాడు.

రంగమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. నరసింహులు వీధిలోకి తొంగి చూసి, కొడుకు మలుపు తిరిగాడని నమ్మకం కుదిరాక, ఆమె చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చూసేది మొదటిసారైనా, అడవి అచ్చం నువ్వు చెప్పినట్లే ఉందే!"