దిగేముందు దీపాలు

"లైట్లు ఆర్పేస్తే నేను ఎక్కను గాక ఎక్కను. ఆ టికెట్ చింపేయండి," అంటూ అత్తగారు హాల్లో కుర్చీకి అతుక్కుపోయారు.

కోడలు తల పట్టుకుంది. పొద్దున్నే తనకి పరీక్ష. ఎయిర్ హోస్టెస్ శిక్షణలో ఈత నెగ్గింది, మంటలార్పడం నెగ్గింది, విమానం తలుపు తెరవడం కూడా నెగ్గింది. ప్రయాణికులతో మాట్లాడే పరీక్షలో మాత్రం రెండుసార్లు బోర్లా పడింది. నలుగురి ముందు నిలబడితే చాలు, నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. ఈసారీ నోరు పెగలకపోతే ఇంటికి పంపేస్తామన్నారు. గదిలో తలుపేసుకుని నాలుగు ముక్కలు వల్లెవేసుకుందామంటే ఇదిగో, ఈ గోల.

గోల కూడా చిన్నదేం కాదు. చెల్లెలు కట్టుకున్న కొత్త ఇల్లు చూడటానికి అత్తగారు రేపు సాయంత్రం మొట్టమొదటిసారి విమానం ఎక్కాలి. టికెట్ కొడుకే కొన్నాడు. దిగేసరికి చీకటి పడుతుంది. రాత్రిపూట దిగేముందు లోపల లైట్లు తగ్గించేస్తారని మేడమీది గుమాస్తాగారు ఆవిడ చెవిన వేశారు.

"పెట్రోలు అడుగంటితే అలా ఆర్పేస్తారట," అన్నారు అత్తగారు.

"ఆయన ఎప్పుడైనా విమానం ఎక్కారా అత్తయ్యా?"

"ఎక్కలేదు. కానీ ఆయనకి తెలియనిది లేదు."

"అది మన కళ్ల కోసం తగ్గిస్తారు. పెట్రోలుకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

"నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం? రేపు మెట్ల మీద ఆయన మళ్లీ భయపెడతాడు. ఉండు, అందరినీ పిలుస్తా."

"ఇప్పుడా? నేను చదువుకోవాలి అత్తయ్యా..."

ఆ మాట పూర్తికాకుండానే అత్తగారు గడప దాటేశారు.

కాసేపట్లో హాలు నిండిపోయింది. గుమాస్తాగారు, ఆయన భార్య, ఎదురింటి దర్జీ దంపతులు, పక్క వాటాలో అద్దెకుండే నర్సులు. అత్తగారు అందరినీ రెండు వరసల్లో కూర్చోబెట్టి, తాను ముందు వరసలో కూర్చున్నారు. కోడలి భర్తని స్విచ్చుల దగ్గర నిలబెట్టారు. "మీ అమ్మగారికి కొన్న టికెట్ కోసమైనా కాస్త ఓపిక పట్టండి," అని భార్య అంటే అతనికి ఎందుకో దగ్గొచ్చింది.

"చెప్పమ్మాయ్. ఎందుకు ఆర్పుతారు?"

కోడలికి ఒళ్లు మండిపోతోంది. ఎంత తొందరగా చెప్పేస్తే అంత తొందరగా వీళ్లు పోతారనుకుంది.

"ఆర్పరు, తగ్గిస్తారు. విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ మేం కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉంటాం. ఏదో అవుతుందని కాదు. మీరు గొడుగు పట్టుకెళ్లిన ప్రతిరోజూ వాన పడుతుందా? ఒకవేళ తొందరగా దిగాల్సొస్తే బయటంతా చీకటి. వెలుతురులోంచి ఉన్నట్టుండి చీకట్లోకి వెళ్తే కళ్లకి ఏమీ ఆనదు. అందుకే ముందే అలవాటు చేస్తారు."

"నాకు ఆనుతుంది. నాది గద్ద చూపు," అన్నారు గుమాస్తాగారు.

"అలాగా? ఏవండీ, మొత్తం ఆర్పేయండి. ఇప్పుడందరూ లేచి తలుపు దగ్గరికి రండి."

కుర్చీలు దబదబ పడ్డాయి. "అబ్బా, నా కాలు తొక్కిందెవరు?" అన్నాడు దర్జీ.

"గద్ద," అంది అతని భార్య.

నర్సులు పడీపడీ నవ్వారు. లైట్లు వేయించి, కుర్చీలు సర్దించి, కోడలు ఈసారి చిన్న బెడ్‌లైటు ఒక్కటే ఉంచమంది. కళ్లు అలవాటు పడేదాకా మాట్లాడుతూనే ఉంది.

"మరి కిటికీ తెరలు ఎందుకు ఎత్తిస్తారు?" అన్నారు అత్తగారు.

"బయట మంటో నీళ్లో ఉంటే మాకు తెలియాలి కదా. చూసుకోకుండా ఆ వైపు తలుపు ఎలా తీస్తాం?"

"కుర్చీ నిటారుగా పెట్టమని ప్రాణం తీస్తారట?"

"మీరు వాలిపోతే వెనకాయన ఎటు నుంచి బయటికి రావాలి? మీ నెత్తి మీంచా?"

తర్వాత ఆ బెడ్‌లైటు కూడా ఆర్పించింది. ఈసారి కుర్చీల అంచులు లీలగా కనిపిస్తున్నాయి. అందరూ ఒకరి వెనక ఒకరు తలుపు దగ్గరికి వచ్చేశారు, ఎవరి కాలూ నలగలేదు.

"విమానంలో అయితే నేల మీద వెలిగే గీతలుంటాయి. చీకట్లోనే అవి బాగా కనిపిస్తాయి. వాటి వెంట నడిస్తే సరి," అంది కోడలు.

"పెట్రోలు సంగతి నేనేదో తమాషాకి అన్నానులే," అన్నారు గుమాస్తాగారు.

అత్తగారు మాత్రం వదల్లేదు. అందరినీ మళ్లీ వరసల్లో కూర్చోబెట్టారు. "మొత్తం ఇంకోసారి చెప్పు. ఈసారి కొంచెం గట్టిగా, వెనక వరసకి వినపడేలా."

కోడలు చచ్చినట్టు మళ్లీ చెప్పింది. చివరికి ఆవిడ "హమ్మయ్య, ఇక నాకు భయం లేదు," అన్నాకే హాలు ఖాళీ అయింది. చదువు అటకెక్కింది. రేపు పరీక్ష ఎలాగూ తప్పుతాను, కనీసం ఈవిడ ప్రయాణమైనా సవ్యంగా జరిగితే చాలనుకుని కోడలు పడుకుంది.

మర్నాడు పరీక్ష గదిలో ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులు ఆమెకి అచ్చం మేడమీది గుమాస్తాగారిలా కనిపించారు. నోరు విప్పితే ఆగలేదు. "ఇక చాలమ్మా, నెగ్గావు," అని వాళ్లే ఆపాల్సి వచ్చింది.

సంతోషంతో గాల్లో తేలిపోతూ బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. సర్దుకునే హడావుడిలో ఉన్నారేమోననుకుని ఆవిడ చెల్లెలు చిన్నత్తగారికి చేసింది.

"చిన్నత్తయ్యా, నేను పరీక్ష నెగ్గాను. మా అత్తయ్యకి కూడా విమానమంటే భయం పోగొట్టాను. రాత్రికి మీ ఊళ్లో దిగుతారు, ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా పంపండి, పాపం మొదటిసారి కదా."

"అక్క ఇక్కడికి రావడమేమిటమ్మా, తను రమ్మంటే రేపు మీ ఇంటికి మేమే వస్తుంటేను?"