తొలికాన్పు

లస్మవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి గోదావరిఖని క్వార్టర్లలో అందరికీ తెలుసు. అలాంటి మనిషి ఆ రోజు కంపెనీ దవాఖాన బెంచీ మీద నోరు కుట్టేసినట్టు కూర్చుంది. కూర్చుందని పేరే గానీ, మాటిమాటికీ లేచి పోయి డాక్టరమ్మ గది పరదా పక్కకు తీసి చూసి వస్తోంది.

"కాలు గాలిన పిల్లి లెక్క గట్ల తిరుగుతవేందే అవ్వా? జరంత కూసో," అంది పూలమ్మ. ఆమెకు ఏడో నెల. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టక, వాటిని బెంచీ కింద విడిచింది.

తొలికాన్పు తల్లిగారింట్లో కావాలి. అందుకే మొన్న లస్మవ్వ కమాన్‌పూర్ పోయి, పూలమ్మకు ఒడిబియ్యం పోసి తెచ్చుకుంది. పూలమ్మ మొగుడు మొగిలి సంతోషంగా పంపాడు. అతని తల్లి సారవ్వే గడపలో అడ్డంగా నిలబడింది.

"తోల్కపో వదినా, నేనేం వద్దంటలేను. పాత ముచ్చట మాత్రం ఎవల కాడ ఎత్తకు. కడుపుతోటి ఉన్న పిల్లకు మంచిది గాదు."

లస్మవ్వ ఒక్కగానొక్క కొడుకు బొగ్గుబాయిలో కప్పు కూలి పోయాడు. ఆ చావు ముచ్చట్లు పుట్టబోయే పసిగుడ్డుకు తగలకూడదని సారవ్వ పట్టు. లస్మవ్వ పూలమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

"తల్లంటే గిట్లుండాలె అక్కా," అంది దవాఖాన వరసలో పక్కన కూర్చున్న నుస్రత్ బేగం, తన పొట్ట నిమురుకుంటూ. "మా అమ్మీ అయితే ఎండకు భయపడి ఇంట్లనే కూసున్నది."

ఆ మాటకు లస్మవ్వ కడుపు నిండిపోయింది. మొహం మతాబులా వెలిగింది. అంతలోనే పూలమ్మ పేరు పిలిచారు.

డాక్టరమ్మ జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసింది. పొట్ట మీద గొట్టం ఆనించి పిల్ల గుండె విన్నది. ధనుర్వాతం సూది వేయించింది. ఐరన్ గోలీలు రోజూ మింగాలంది.

"అవి మింగితే పిల్ల నల్లగ పుడ్తదట గదా?" అంది పూలమ్మ భయంగా.

"మొగిలి కన్న నల్లగ యాడ పుడ్తది గని, మింగు!" అంది లస్మవ్వ. డాక్టరమ్మ కూడా నవ్వింది.

తర్వాత పూలమ్మ చేతికి చిన్న సీసా ఇచ్చి మూత్రం పరీక్షకు పంపింది. ఆమె వెళ్లాక లస్మవ్వ వైపు తిరిగింది.

"బీపీ కొంచెం ఎక్కువే ఉందమ్మా. ఎండన పడి వచ్చారు కదా, అందుకూ కావచ్చు. ఒక మాట చెప్పు. నీ కాన్పుల్లో బీపీ గానీ, ఫిట్స్ గానీ వచ్చాయా? తల్లికి వచ్చి ఉంటే కూతురికీ వచ్చే భయం ఎక్కువ."

లస్మవ్వ ఒకసారి పరదా వైపు చూసింది.

"నాకా? నాకేం రాలే డాక్టరమ్మా. పొద్దుగాల నాటేసిన, పొద్దుగూకేటాళ్లకు కన్న."

అందులో అక్షరం అబద్ధం లేదు.

"అయితే సగం దిగులు తీరింది," అంది డాక్టరమ్మ. మళ్లీ చూస్తే బీపీ కాస్త దిగింది. మూత్రంలోనూ తేడా లేదు. రెండు వారాలకు రమ్మంది. తల నొచ్చినా, కళ్లు మసకబారినా ఆగకుండా పరుగెత్తుకు రమ్మంది.

బయట తమ క్వార్టర్ల సర్వర్ నడిపే ఆటో ఎక్కారు. లస్మవ్వకు ఒకటే గుబులు. కొత్తగా తవ్వుతున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చప్పుడైతే, ఎప్పుడూ లేనిది ఉలిక్కిపడి పూలమ్మ చెయ్యి పట్టుకుంది.

"తల జరంత బరువుగున్నదే అవ్వా," అంది పూలమ్మ. "ఎండకు గావచ్చు."

ఎండకు గావచ్చు. ఇదే మాట లస్మవ్వ వెనకట ఒకసారి విన్నది. ముందుకు వంగి సర్వర్ భుజం తట్టింది.

"సర్వరూ, ఆటో మలుపు!"

"క్యా హువా చిన్నమ్మా? ఏమన్న మర్చిపోయినవా?"

"మర్చిపోతే మంచిగనే ఉండు. జల్ది పోనియ్యి బిడ్డా!"

దారిపొడుగునా ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. నోరు విప్పిందని తెలిస్తే సారవ్వ ఊరుకోదు. పూలమ్మను మళ్లీ లస్మవ్వ గడప తొక్కనియ్యదు. పుట్టిన పసిగుడ్డును కంటితో చూడనియ్యదు. విప్పకపోతే? ఆ తర్వాతది తలుచుకోవడానికే ఆమెకు ధైర్యం చాలలేదు.

పూలమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కతే లోపలికి పోయింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"ఏమ్మా, మళ్లీ వచ్చావు? తల్లివి నువ్వే ఇంత బెదిరిపోతే ఆ పిల్లకు ధైర్యం ఎవరు చెప్తారు?"

లస్మవ్వ తలుపు దగ్గరికి వేసింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"నేను గా పిల్ల తల్లిని గాను డాక్టరమ్మా, బాయిల పోయిన నా కొడుకు పెండ్లాం అది, నేనే మొగిలికిచ్చి మళ్ల పెండ్లి చేసిన, దాన్ని కన్నతల్లి, దాన్ని కన్న పొద్దే ఫిట్సొచ్చి నా చేతులల్ల పాణమిడిసింది!"