పిల్ల వెంట వచ్చిన మనిషి

దీవెన ప్రార్థన అయిపోయింది. అందరూ లేచారు. ముసలామె మాత్రం పిల్ల చెయ్యి వదల్లేదు.

నెల్లిమర్లలోని ఆ చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ఇవతలి పక్క నుంచి రాబర్ట్ మెడ నిక్కించి కూతురి కోసం చూస్తున్నాడు. వారమంతా జూట్ మిల్లులో ఒళ్లు హూనం చేసుకునేది ఈ కాస్త పొద్దు కోసమే.

విడాకులప్పుడు కోర్టు చెప్పిన మాట అది. ఆదివారం ఆరాధన అయ్యాక లీలారాణి మధ్యాహ్నం దాకా తండ్రి దగ్గర ఉండాలి. అప్పగింతా, తిరిగి తీసుకెళ్లడమూ చర్చిలోనే.

మొదట్లో పిల్ల తల్లి రూబీయే తీసుకొచ్చేది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని ఎచ్చెర్ల వెళ్లిపోయాక ఈ ముసలామె దిగబడింది.

నుదుట ఇంత బొట్టు, ముక్కుకి నత్తు. పాటప్పుడు లేవాలో కూర్చోవాలో తెలీదు. సంఘంలో వాళ్లంతా ఒక్క చూపులో తేల్చేశారు. బొట్టు మనిషి రూబీకి చుట్టమెలా అవుతుంది? కాపలాకి పెట్టుకున్న మనిషే.

రాబర్టూ అదే అనుకున్నాడు. అడిగి తెలుసుకోవచ్చుగా అంటారా? అడగడు. రూబీ కొత్త కాపురం ఊసెత్తితే చాలు, అక్కణ్ణించి లేచిపోయే రకం. ఆమె చేసుకున్నవాడి పేరు కూడా వినలేదు.

ముసలామె పిల్ల చెవిలో ఏదో గొణిగింది. అప్పుడు గానీ లీలారాణి కదల్లేదు.

చర్చి వెనక వరండాలో రాబర్ట్ కేరేజీ విప్పాడు. తెల్లారే లేచి స్వయంగా వండిన కోడి పలావు. పిల్ల తండ్రికి దూరంగా ముడుచుకుని కూర్చుంది. ముసలామె వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"తినమ్మా."

పిల్ల ముసలామె వంక చూసింది. ఆమె తలూపాక ముద్ద నోట్లో పెట్టుకుంది.

రాబర్ట్ ఇంకాస్త పలావు వడ్డించాడు. ఆరేళ్ల పిల్ల. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే తన మొహమైనా గుర్తుంటుందా?

"ఒక్కసారి నాన్నా అనమ్మా."

పిల్ల మళ్లీ ముసలామె వంక చూసింది. ఆమె మళ్లీ తలూపింది.

"నాన్నా," అంది లీలారాణి నేలచూపులు చూస్తూ.

రాబర్ట్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఇదిగో ముసలమ్మా, నా కూతురు నన్ను నాన్నా అనడానికి నీ పర్మిషనేటి?"

"పసిగుంట బావు. ఉండగా ఉండగా అలవాటవుతాది."

"మా ఇద్దరి మద్దిన నువ్వెవురివి? వచ్చే వారం నుంచి ఈ గడప తొక్కకు."

ముసలామె మొహం చిన్నబోయింది.

"నేను రాపోతే గుంట రాదు బావు."

"బెదిరిస్తన్నావా?"

ఆమె ఏదో చెప్పబోయింది. పిల్ల వింటోందని చూసి ఊరుకుంది. చెంగుతో పిల్ల మూతి తుడిచింది.

సోమవారమే రాబర్ట్ విజయనగరంలో వకీలు అరుణశ్రీ ముందు నిలబడ్డాడు.

"మేడం, ఆ మూడో మనిషి రాకుండా ఆపించండి. నా కూతుర్ని నాకు కాకుండా చేసేస్తంది."

"ఆవిడెవరో కనుక్కున్నావా?"

"కాపలా మనిషి మేడం. ఇంకేటి కనుక్కోవాలి?"

వాయిదా నాడు అవతలి వకీలు వాదించనే లేదు. తమకేమీ అభ్యంతరం లేదన్నాడు. మూడో మనిషి రాకూడదని కోర్టు రాసేసింది. గెలిచానని రాబర్ట్ మిల్లులో అందరికీ టీలు పోయించాడు. అవతలివాళ్లు అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో ఆలోచించే ఓపిక అతనికెక్కడిది?

ఆ ఆదివారం పిల్ల రాలేదు.

ఆ పై ఆదివారమూ రాలేదు. రూబీ ఫోను ఎత్తలేదు. చర్చి తలుపులు వేసేదాకా రాబర్ట్ ఆడవాళ్ల పక్కకే చూస్తూ కూర్చున్నాడు. పలావు పులిసిపోయింది. ఇక ఉండబట్టలేక ఎచ్చెర్ల బస్సెక్కాడు.

ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద ధనలక్ష్మి అనే ఆమె చేపలు కడుగుతోంది.

"ఎవురు కావాలి బావు?"

"లీలారాణి... నేను దాని నాన్నని."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇల్లు కాళీ సేసీసి ఎల్లిపోనారు. ఒడిసా అంట. ఏ ఊరో సెప్పనేదు."

రాబర్ట్ అక్కడే కూలబడ్డాడు.

"కోర్టు ఉత్తర్వు ఉంది కదమ్మా. పిల్లని పంపాలి కదా."

"పంపాలంటే తీసుకొచ్చీ మనిషుండాలి కదా. రూబీ నోరు ఆ ఇంట్లో లెగదు. దాని మొగుడేమో గుంట నిన్ను మరిసిపోవాలని ఒకటే పట్టు. అడ్డం పడీది గుంటతో వచ్చీ ముసిల్ది, తవిటమ్మ ఒక్కర్తే. ఆదివారం వస్తే ఇంట్లో రామాయణమే. తండ్రిని సూడకుండా ఏ పిల్లా పెరగకూడదని దెబ్బలాడి, రెండు బస్సులు మారి తీసుకొచ్చీది. సిగ్గుపడకు, నాన్నా అని పిలువు అని తోవ పొడుగునా నేర్పీది."

రాబర్ట్ తలెత్తి చూశాడు.

"మరి ఇప్పుడామె..."

"నువ్వే కదా బావు రావద్దన్నావు. ఆ కోర్టు కాయితం ఆయన సేతికొచ్చిన నాడు ఆయనకి పండగే. నీ పెత్తనం సాలు అని ఆవిడని ఆవిడ కూతురు కాడికి తోలీసి, పెళ్లాన్నీ పిల్లనీ ఒడిసా తీసుకుపోనాడు."

"ఆమెకెందుకమ్మా నా కోసం అంత? ఎవరామె?"

ధనలక్ష్మి కడుగుతున్న చేప వదిలేసి అతని మొహంలోకి చూసింది.

"అదేటి బావు, ఇన్నాల్లూ ఎదురుగా కూకున్నా ఎరగవా, రూబీని సేసుకున్న ఆయన కన్నతల్లి."